సాక్షి ఆ ముఖాన్ని మొదట ఎక్కడ చూశాడు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో హత్య కేసులు దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్లకు, వారి పనిని పర్యవేక్షించే పై అధికారులకు, సెషన్స్ కోర్టుల పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. సెషన్స్ కోర్టుల్లో హత్య కేసులు నడిపే న్యాయవాదులం ఈ లేఖ రాస్తున్నాం. మాలో ప్రాసిక్యూషన్ తరఫున పనిచేసినవాళ్లూ ఉన్నారు, ముద్దాయిల తరఫున వాదించేవాళ్లూ ఉన్నారు. బందోబస్తు డ్యూటీల మధ్య దర్యాప్తు సాగించడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా ఒక విషయంలో ఇక ఊరుకోలేకపోతున్నాం. సాక్షి తనకు ముక్కూమొహం తెలియని మనిషిని కోర్టులో "ఇతనే" అని వేలెత్తి చూపిస్తాడు. ఆ ఒక్క వేలు మీద హత్య కేసులు నిలబెడుతున్నారు. ఆ వేలు ఎటు తిరగాలో కోర్టుకు రాకముందే, మొదటి రెండు వారాల్లోనే తేలిపోతోంది. దీనిపై ఇదివరకు వినతిపత్రాలు ఇచ్చాం. రసీదు స్టాంపు పడింది, జవాబు రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాం.

మేం చెప్పేది ఒక్కటే. సాక్షి మనసులో ఉన్న ముఖాన్ని కూడా నేరస్థలంలో దొరికిన వస్తువులాగే చూడాలి. రక్తం అంటిన మట్టిని ఒక సీసాలో, అంటని మట్టిని వేరే సీసాలో తీస్తారు. చీటీ అంటించి, మధ్యవర్తుల సంతకాలు తీసుకుని, సీలు వేసి ల్యాబుకు పంపుతారు. రెండూ కలిసిపోతే పరీక్షకు విలువ ఉండదని స్టేషన్ రైటరుకు కూడా తెలుసు. సాక్షి చూసిన ముఖానికి మాత్రం చీటీ లేదు, సీలు లేదు. పైగా అది మట్టికంటే తొందరగా పాడవుతుంది. పాడైన సంగతి సాక్షికే తెలియదు.

ఎక్కడెక్కడ పాడవుతోందో వరుసగా చెబుతాం.

1. స్టేట్‌మెంటులో ముఖమే ఉండదు

సీడీ (కేసు డైరీ) ఫైలు తిరగేస్తే ప్రత్యక్ష సాక్షుల స్టేట్‌మెంట్లు ఇలా ఉంటాయి: "సుమారు 25 నుండి 30 సంవత్సరముల వయస్సు గల ఇద్దరు గుర్తు తెలియని వ్యక్తులు మోటారు సైకిలుపై వచ్చి, వారిలో ఒకడు కత్తితో పొడిచి, ఇద్దరూ పారిపోయినారు. వారిని తిరిగి చూసిన ఎడల గుర్తుపట్టగలను." పాలు పోసే ఆయన స్టేట్‌మెంటు అదే, ఆటో డ్రైవరుది అదే, ఇంజనీరింగ్ చదివే కుర్రాడిది కూడా అదే. మాట తీరు మారదు, చివరి వాక్యం అసలే మారదు.

ఇందులో జుట్టు ఎలా ఉందో లేదు. గడ్డం ఉందో లేదో లేదు. పొట్టా పొడుగా, బక్కా లావా, ఏ యాసలో అరిచాడు, ఏ చేత్తో కత్తి పట్టుకున్నాడు, ఏదీ లేదు. మూడేళ్ల తరువాత సాక్షి బోనెక్కి "పొడుగు మనిషి, ఉంగరాల జుట్టు, గడ్డం కింద మచ్చ ఉంది" అంటాడు. క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నల్లో, డిఫెన్స్ (ముద్దాయి తరఫు లాయరు) అడిగేది ఒక్కటే: "ఈ ఆనవాళ్లు పోలీసులకు చెప్పారా?" చెప్పానంటాడు. తరువాత దర్యాప్తు అధికారి బోనెక్కుతారు. స్టేట్‌మెంటులో రాసి లేదు కాబట్టి "చెప్పలేదు" అని ఒప్పుకోక తప్పదు. సాక్షి నిజంగానే చెప్పి ఉండవచ్చు. రాసుకోనిది మీరు, అబద్ధాలకోరు అనిపించుకునేది అతను.

ఆనవాళ్లు రాబట్టడానికి ఒక వరుస ఉంది. ముందు సాక్షిని తన మాటల్లో ఆపకుండా చెప్పనివ్వాలి. ఆ తరువాతే ప్రశ్నలు, అవీ జవాబు అందించని ప్రశ్నలు. "గడ్డం ఉందా?" అని కాకుండా "ముఖం ఎలా ఉంది?" అని అడగాలి. ఎత్తు అడుగుల్లో అడిగితే ఊహించి చెబుతాడు. "ఆ షట్టరు పక్కన నిలబడ్డప్పుడు అతని తల ఎక్కడి దాకా వచ్చింది?" అని అడిగితే మీరు టేపుతో కొలవగలుగుతారు. "చూడలేదు", "గుర్తులేదు" అన్న జవాబులను కూడా అలాగే రాయాలి. వాటివల్ల సాక్షి విలువ తగ్గదు, పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా రాయాలి. ఒకే బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నవాళ్ల దగ్గర మిగిలేది ఒకే జ్ఞాపకం.

చట్టం ఇందుకు అడ్డు కాదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ కింద స్టేట్‌మెంటును ఆడియో, వీడియో తీయవచ్చు. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేయాల్సిందేనని 183వ సెక్షన్ చెబుతోంది. ఎవరినీ అరెస్టు చేయకముందే ఆనవాళ్లు ఆ వాంగ్మూలంలో చేరితే తరువాత వాటిని కల్పితం అనడం కష్టం.

2. వెలుతురు, దూరం, ఎంతసేపు

"రాత్రి తొమ్మిదిన్నరకు వీధి దీపం వెలుతురులో చూశాను" అని సాక్షి చెబుతాడు. క్రైమ్ డిటెయిల్స్ ఫారానికి జతచేసిన రఫ్ స్కెచ్ తీస్తే అందులో శవం పడి ఉన్న చోటు ఉంటుంది, మురుగు కాల్వ ఉంటుంది, నాలుగు దిక్కులా ఎవరెవరి ఇళ్లున్నాయో ఉంటుంది. దీపస్తంభం ఉండదు. సాక్షి నిలబడ్డ చోటూ ఉండదు. స్కెచ్ మర్నాడు పట్టపగలు గీసింది కాబట్టి దీపం సంగతి ఎవరికీ తట్టలేదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఘటన జరిగిన వేళకే ఇంకోసారి అక్కడికి వెళ్లండి. సాక్షిని తాను నిలబడ్డ చోటే నిలబెట్టి, హంతకుడు ఉన్న చోటికి టేపుతో కొలవండి. స్తంభం నంబరు, దీపం ఏ రకందో రాయండి. ఆ వేళకు కరెంటు ఉందో లేదో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చూసి కాపీ తీసుకోండి. దీపం హంతకుడికి ముందు ఉందా వెనక ఉందా అన్నది తప్పకుండా చూడండి. వెనక ఉంటే ఆకారం తెలుస్తుంది, ముఖం చీకట్లోనే ఉంటుంది. బైకు హెడ్‌లైటు సాక్షి కళ్లలో పడుతుంటే దాని మీద కూర్చున్నవాడి ముఖం కనపడదు. సాక్షి కళ్లద్దాలు వాడతారా, ఆ సమయంలో పెట్టుకుని ఉన్నారా అన్నది కూడా రాయండి. హెల్మెట్, కర్చీఫ్, మంకీ క్యాపు ఉంటే ముఖంలో ఎంత భాగం బయట ఉందో సాక్షి చేతే చూపించండి.

ఎంతసేపు చూశారంటే సాక్షి "రెండు నిమిషాలు" అనేస్తాడు. భయంలో కాలం సాగినట్టు తోస్తుంది. ఒక్కొక్కటీ ఏం జరిగిందో వరుసగా నడిపించి స్టాప్‌వాచ్ నొక్కండి. ఆ రెండు నిమిషాలు పదిహేను ఇరవై సెకన్లు కావచ్చు. ఆ సెకన్లలోనూ కళ్లు కత్తి మీదే ఉంటాయి. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, ఆమె సహచరులు చూపరుల కంటి కదలికలను కొలిచారు. కౌంటరు దగ్గర మనిషి చేతిలో చెక్కు ఉన్నప్పటికంటే తుపాకీ ఉన్నప్పుడు చూపు ఆ వస్తువు మీదే ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలిచింది. ఆ మనిషి ముఖం అంతగా గుర్తులేదు. "కళ్లముందే పొడిచాడు, ముఖం ఎలా మరిచిపోతాను?" అని సాక్షి అనడం సహజమే. కానీ పొడవడాన్ని బాగా చూసినంత మాత్రాన పొడిచినవాడి ముఖాన్ని బాగా చూసినట్టు కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పక్కింటివాడినో, రోజూ చూసే దుకాణం మనిషినో గుర్తుపట్టిన సాక్ష్యం గురించి మేం మాట్లాడటం లేదు. తెలిసిన ముఖం సంగతి వేరు. దానికి గుర్తింపు పరేడ్ (ముద్దాయిని ఇతరులతో కలిపి వరుసలో నిలబెట్టి, మేజిస్ట్రేటు ముందు సాక్షిని గుర్తించమనడం) కూడా అక్కర్లేదు. అయితే "చూసిన ముఖమే కానీ పేరు తెలియదు" అన్నప్పుడు ఎన్నిసార్లు, ఎక్కడ, ఎప్పుడు చూశారో మొదటి రోజే రాయాలి.

3. అరెస్టుకు, పరేడుకు మధ్య

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ముద్దాయి దొరికిన రోజే ప్రెస్ మీట్ పెడతారు. టేబుల్ ముందు కత్తి, సెల్‌ఫోన్లు, నంబరు ప్లేటు కనబడేలా బైకు. టేబుల్ వెనక అధికారులు, వాళ్ల వెనక వరుసగా ముద్దాయిలు. ముసుగు వేశామంటారు. ఆ ముసుగు చాలాసార్లు ముక్కు దాకా కట్టిన కర్చీఫే. నుదురు, కళ్లు, జుట్టు, ఒడ్డూపొడుగూ, చొక్కా అన్నీ బయటే ఉంటాయి. సాయంత్రానికి ఆ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. రెండు వారాల తరువాత జైల్లో జరిగే పరేడ్ సాక్షి హంతకుడిని గుర్తుపడతాడా అన్న పరీక్షగా ఉండదు. సాక్షి పేపరు చూశాడా అన్న పరీక్షగా మిగులుతుంది.

ఫొటో రాకపోయినా దారులు చాలా ఉన్నాయి. సంతకం కోసమని సాక్షిని స్టేషన్‌కు పిలిస్తే ముద్దాయి అక్కడే నేల మీద కూర్చుని ఉంటాడు. రిమాండుకు తెచ్చిన రోజు కోర్టు వరండాలో సాక్షి ఎదురుపడతాడు. పోలీసు కస్టడీలో ముద్దాయిని నేరస్థలానికి తీసుకెళ్లి 'సీన్ రీకన్‌స్ట్రక్షన్' చేస్తుంటే, అదే వీధిలో దుకాణం ఉన్న సాక్షి గల్లా దగ్గర నుంచి చూస్తుంటాడు. వీటన్నిటికంటే చెడ్డది కానిస్టేబుల్ ఫోన్‌లో ఒకే ఒక్క ఫొటో చూపించి "వీడేనా?" అని అడగడం. ఆ క్షణం నుంచి సాక్షి మనసులో ఉన్నది ఆ రాత్రి చూసిన ముఖమా, ఫోన్ తెర మీద చూసిన ముఖమా అన్నది ఎవరూ విడదీయలేరు. సాక్షి కూడా విడదీయలేడు.

సాక్షులు ముందే చూసే అవకాశం ఉన్న పరేడ్‌కు విలువ లేదని 2022లో గిరీశన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పి, ముద్దాయిలను విడుదల చేసింది. పోలీసులు మీడియాకు వివరాలు చెప్పే తీరుపై ఒక సమగ్ర మాన్యువల్ తయారుచేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించింది. అయినా టేబుల్ వెనక వరుస మారలేదు.

4. పరేడ్ రోజున జైల్లో

మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో (క్రిమినల్ కోర్టులు పాటించాల్సిన నియమాల్లో) పరేడ్ గురించి 34వ నిబంధన ఉంది. పక్కన నిలబెట్టేవాళ్లు వయసు, ఎత్తు, రూపం, జీవనస్థాయిలో వీలైనంత వరకు ముద్దాయిలాంటివాళ్లే అయి ఉండాలి. ముద్దాయి ఎక్కడ నిలబడాలో తానే ఎంచుకోవాలి. పక్కవాళ్ల మీద అభ్యంతరం ఉందా అని అతన్ని అడిగి రాయాలి. ఒక సాక్షి వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు వరుస మార్చాలి. చూసిన సాక్షి చూడబోయే సాక్షితో మాట్లాడకూడదు. ఈ నిబంధన అచ్చులో చక్కగా ఉంది. ఆవరణలో జరిగేది వేరు.

పక్కవాళ్లను ఆ పూట రిమాండు బ్యారక్‌లో ఎవరుంటే వాళ్లలోంచి తెస్తారు. ముద్దాయికి 22 ఏళ్లు, పక్కన 40 దాటినవాళ్లు ముగ్గురు. ముద్దాయికి నుదుట మానుతున్న గాయం, ఇంకెవరికీ లేదు. ముద్దాయి తల గుండు, మిగతా తొమ్మిది మందికీ జుట్టు. గాయం ఉంటే అందరి నుదుటా ఒకేలా ప్లాస్టర్ అంటించవచ్చు. గుండు ఉంటే అందరికీ టవలు చుట్టించవచ్చు. ఇది ఖర్చయ్యే పని కాదు, పట్టించుకుంటే అయ్యే పని.

పది మంది ఉన్నారంటే ఊరికే వేలు పెట్టినవాడికి ముద్దాయి తగిలే అవకాశం పదోవంతు అని కాగితం మీద లెక్క. సాక్షి మొదట చెప్పిన ఆనవాళ్లకు ఆ పదిమందిలో ఇద్దరే సరిపోతే, అది సగానికి సగం. ముగ్గురు ముద్దాయిలను ఐదుగురు బయటివాళ్లతో కలిపి ఒకే వరుసలో నిలబెడితే, కళ్లు మూసుకుని చూపించినా ఎనిమిదింట మూడుసార్లు ఎవరో ఒక ముద్దాయి తగులుతాడు. ఇంగ్లండ్‌లో ఒక అనుమానితుడితో పాటు కనీసం ఎనిమిది మంది ఇతరులు ఉండాలని నియమం. వరుస న్యాయంగా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఘటన గురించి ఏమీ తెలియని నలుగురైదుగురికి సాక్షి చెప్పిన ఆనవాళ్లు చదివి వినిపించి, వరుస ఫొటో చూపించి, "వీళ్లలో ఎవరై ఉంటారు?" అని అడగండి. వాళ్లలో ఎక్కువమంది ముద్దాయినే చూపిస్తే ఆ వరుసతో జ్ఞాపకాన్ని పరీక్షించలేం.

పోలీసులు అక్కడ ఉంటే ఆ గుర్తింపు పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటు కిందే లెక్క అని 1955లోనే రామకిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పోలీసులు గేటు దగ్గర ఆగిపోతారు. కానీ సాక్షిని ఇంటి నుంచి జీపులో తెచ్చేది ఆ స్టేషన్ కానిస్టేబులే. ఆ గంట ప్రయాణంలో ఏం మాట్లాడుకున్నారో ఏ రికార్డులోనూ ఉండదు.

పరేడ్ ప్రొసీడింగ్స్‌లో సాధారణంగా కనిపించేది "సాక్షి ముద్దాయి నం. 2ను సరిగా గుర్తించాడు" అన్న ఒక్క వాక్యం. ఎంతసేపట్లో గుర్తించాడు? ముందు ఇంకెవరి దగ్గరైనా ఆగాడా? ఏ మాటలన్నాడు? "ఇతనే" అన్నాడా, "ఇతనిలాగే ఉన్నాడు" అన్నాడా? పొడిచింది ఇతనా, బైకు నడిపింది ఇతనా? సాక్షి ఆపాదించిన పనిని కూడా రాయాలని నిబంధనలోనే ఉంది. తప్పు మనిషిని చూపించిన సాక్షి సంగతి కూడా అంతే వివరంగా రాయాలి.

5. "సరిగ్గా పట్టావు" అన్న మాట

పరేడ్ అయ్యాక బయట ఎవరో ఒకరు సాక్షి భుజం తడతారు. దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ దాని ఫలితం ఏమిటో మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో చేసిన ప్రయోగం చూపించింది. అసలు నేరస్థుడు లేని ఫొటోల వరుసలోంచి అందరి చేతా ఎంపిక చేయించారు. అంటే అందరూ తప్పు మనిషినే ఎంచుకున్నారు. కొందరితో "మంచిది, అనుమానితుడినే గుర్తించారు" అన్నారు. ఆ మాట విన్నవాళ్లు తమకు మొదటి నుంచీ గట్టి నమ్మకం ఉందనీ, నేరస్థుడి ముఖం బాగా కనబడిందనీ, శ్రద్ధగా చూశామనీ చెప్పారు. ఒక్క మెచ్చుకోలుతో గతంలో చూసిన చూపు కూడా మారిపోయింది.

కోర్టులో సాక్షి గొంతులో వినబడే నిశ్చయం జడ్జిగారి మీద చాలా పనిచేస్తుంది. ఆ నిశ్చయం ఆ రాత్రి నుంచి వచ్చిందా, జైలు గేటు దగ్గర భుజం తట్టడం నుంచి వచ్చిందా అన్నది తేలాలంటే దారి ఒక్కటే. గుర్తుపట్టిన క్షణానే, ఎవరూ ఏమీ అనకముందే, ఎంత నమ్మకంగా చెబుతున్నాడో అతని మాటల్లోనే రాసుకోవాలి.

6. కోర్టు హాల్లో

పరేడ్ సాక్ష్యం అసలు సాక్ష్యం కాదనీ, కోర్టులో గుర్తించడమే అసలు సాక్ష్యమనీ, పరేడ్ దానికి బలం చేకూర్చేది మాత్రమేననీ 1970 నాటి బుద్ధసేన్ కేసు నుంచి వస్తున్న సూత్రం. దీన్ని అడ్డం పెట్టుకుని కొందరు పరేడే మానేస్తున్నారు. అప్పుడు ఏం జరుగుతుంది? నాలుగేళ్ల తరువాత సాక్షి బోనెక్కుతాడు. "మీరు చెప్పిన వ్యక్తి ఈ కోర్టులో ఉన్నారా?" అని పబ్లిక్ ప్రాసిక్యూటరుగారు అడుగుతారు. సాక్షి తల తిప్పుతాడు. హాల్లో నల్లకోట్లు ఉన్నాయి, ఫైళ్లు మోసే గుమస్తాలున్నారు, వెనక చేతులు కట్టుకుని, పక్కన ఎస్కార్టు కానిస్టేబుల్‌తో ఒకే ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి జ్ఞాపకం అక్కర్లేదు.

మొదటి ఫిర్యాదులో ఆనవాళ్లు లేకుండా, పరేడ్ లేకుండా, కోర్టులో తొలిసారి గుర్తించడం మీదే ఆధారపడి శిక్ష వేయడం క్షేమం కాదని 2022లో అమ్రిక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండ్‌లో 1976 టర్న్‌బుల్ తీర్పు నుంచి, గుర్తింపు బలహీనంగా ఉండి వేరే ఆధారమేదీ తోడు లేకపోతే జడ్జి కేసును అక్కడే ఆపేయాలి. ఇక్కడ ఆ జల్లెడ పట్టాల్సింది ఛార్జిషీటుకు ముందు ప్రాసిక్యూటర్లే.

7. సీసీ కెమెరా ఉన్నప్పుడు

ఫుటేజీ ఉంటే గుర్తింపు గొడవే లేదనుకుంటారు. ముందు సాక్షికి ఫుటేజీ చూపించి తరువాత పరేడ్ పెడితే, అతను గుర్తుపట్టేది క్లిప్పులోని మనిషిని. అందుకే సాక్షి వాంగ్మూలం, ఆనవాళ్లు ముందు, ఫుటేజీ తరువాత. రాత్రిపూట దూరం నుంచి తీసిన ఫ్రేములో ముఖం నాలుగు చుక్కల మచ్చగా ఉంటే, "ఇతనే" అని చెప్పగలిగేది ఆ మనిషి నడక, తీరు బాగా తెలిసినవాళ్లే. అలాంటివాళ్లను వేరే సాక్షులుగా పెట్టండి. ఫుటేజీకి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి కావాల్సిన ధ్రువీకరణ) లేకపోతే అసలుకే మోసం.

8. నష్టపోయేది ఎవరు

చేయనివాడు జైల్లో ఉంటే చేసినవాడు బయట ఉంటాడు. అమెరికాలో డీఎన్ఏ పరీక్షల వల్ల నిర్దోషులని తేలినవారిలో 375 మంది కేసులను, తప్పుగా శిక్షపడినవారి కోసం పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ సంస్థ లెక్కగట్టింది. దాదాపు 69 శాతం కేసుల్లో సాక్షి పొరపాటు గుర్తింపు ఉంది. ఆ సాక్షుల్లో చాలామంది అబద్ధం చెప్పలేదు, పొరబడ్డారు. మన దగ్గర హత్య కేసుల్లో ప్రతిసారీ డీఎన్ఏ దొరకదు, కాబట్టి పొరపాటు బయటపడే దారి కూడా తక్కువ.

2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. తప్పు గుర్తింపుతో లోపలికి వెళ్లిన కూలీ కొడుకు శిక్ష పడకుండానే ఏళ్లు గడుపుతాడు. వాయిదా వాయిదాకూ తల్లి కూలీ పోగొట్టుకుని కోర్టుకు వస్తుంది. చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. చివరికి సంశయ లాభం కింద వదిలేస్తే "చేశాడు కానీ తప్పించుకున్నాడు" అన్న మాట ఊళ్లో మిగిలిపోతుంది.

అవతలి వైపు హతుడి భార్య ఉంది. ఐదేళ్లు కోర్టు చుట్టూ తిరిగిన తరువాత ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే: కేసు కొట్టేశారు. ముద్దాయి నిజంగా చేసినవాడే అయినా, ప్రెస్ మీట్ ఫొటో ఒక్కటి చాలు, డిఫెన్స్ ఆ గుర్తింపును ముక్కలు చేయడానికి. డిఫెన్స్ వైపు పనిచేసేవాళ్లం కూడా ఈ మాట బరువుగానే చెబుతున్నాం. సాక్షిని "డబ్బు తిని మాట మార్చాడు" అంటారు. అతను చేసిందల్లా చూసింది చూసినట్టు చెప్పడానికి ముందుకు రావడం.

మేం కోరుతున్నవి

1. "తిరిగి చూసిన ఎడల గుర్తుపట్టగలను" అన్న వాక్యాన్ని స్టేట్‌మెంట్లలో నిషేధించండి. దాని బదులు ఆనవాళ్ల పత్రం ఒకటి పెట్టండి. సాక్షి మొదటి మాటలు, దూరం, వెలుతురు, ఎంతసేపు, ముఖంలో కనబడని భాగం అందులో ఉండాలి. దాన్ని నేరం జరిగిన 24 గంటల్లో నింపి, నకలు మేజిస్ట్రేటు కోర్టుకు పంపాలి.

2. గుర్తింపు అవసరమైన కేసుల్లో పరేడ్ పూర్తయ్యే దాకా ప్రెస్ మీట్‌లో ముద్దాయిలను నిలబెట్టవద్దు. ముసుగుతో కూడా వద్దు. ఫొటో, వీడియో, పేరు, ఊరు విడుదల చేయవద్దు. కస్టడీలో నేరస్థలానికి తీసుకెళ్లడం పరేడ్ తరువాతే.

3. అరెస్టు నుంచి పరేడ్ దాకా ముద్దాయి ముఖం పూర్తిగా కప్పి ఉంచినట్టు లాకప్, ఎస్కార్టు, రిమాండు రికార్డులన్నిటిలో రాయండి. కప్పడం కుదరని చోటు ఉంటే అది కూడా రాయండి.

4. పరేడ్ కోసం రిక్విజిషన్ (మేజిస్ట్రేటుకు రాతపూర్వక వినతి) అరెస్టయిన మూడు రోజుల్లోపు వేయండి. ఆలస్యమైతే రోజువారీ కారణం సీడీలో ఉండాలి. ముద్దాయి పరేడ్‌కు ఒప్పుకోకపోతే అతను చెప్పిన కారణాన్ని అతని మాటల్లోనే రాయించండి.

5. సాక్షిని జైలుకు తెచ్చే పని ఆ కేసుతో సంబంధం లేని సిబ్బందికి అప్పగించండి. సాక్షికి ప్రయాణ ఖర్చు ఇచ్చి సొంతంగా రమ్మన్నా చాలు.

6. సాక్షికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉంటే గుర్తింపును ఆడియో, వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 54వ సెక్షన్ చెబుతోంది. హత్య కేసుల్లో అందరు సాక్షులకూ ఇదే చేయాలని రిక్విజిషన్‌లోనే కోరండి. వరుస మొత్తం ఒక ఫొటోలో రావాలి. "ఆ మనిషి ఈ వరుసలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు, ఎవరినీ చూపించకపోయినా తప్పు లేదు" అని సాక్షికి చెప్పినట్టు రికార్డులో ఉండాలి.

7. ఒక్క ఫొటో చూపించి అడగడం ఆపండి. అనుమానితుడు ఎవరో తెలియక ఫొటోలు చూపించక తప్పని కేసుల్లో, చూపించిన ఫొటోలన్నీ, చూపించిన క్రమం, చూపినవారి పేరు, సాక్షి అన్న మాట ఫైలులో ఉంచి ముద్దాయికి నకళ్లు ఇవ్వండి.

8. ప్రాసిక్యూటర్లకు: ఛార్జిషీటు పరిశీలనకు వచ్చినప్పుడు ముందు ఒక ప్రశ్న వేయండి. ఈ సాక్షి ఈ ముఖాన్ని నేరం రాత్రి తరువాత మొదట ఎక్కడ చూశాడు? జవాబు ఫైలులో లేకపోతే ఫైలు వెనక్కి పంపండి. గుర్తింపు ఒక్కటే ఆధారమైతే ఫోన్ టవర్ వివరాలు, వేలిముద్రలు, రక్తపు గ్రూపు, డీఎన్ఏ, బైకు కదలికలు తెప్పించమని రాసివ్వండి. ఏదీ రాకపోతే ఆ గుర్తింపు మీద శిక్ష అడగవద్దు.

ఇందులో 1, 3, 5, 7 అంశాలకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. జిల్లా స్థాయిలో ఒక సర్క్యులర్ చాలు. ఆనవాళ్ల పత్రం నమూనా ఒక పేజీలో తయారుచేసి ఉంచాం. అడిగిన స్టేషన్‌కు ఇస్తాం, వచ్చి నింపే పద్ధతి కూడా చూపిస్తాం. ఏ అంశాలను ఎప్పటి నుంచి అమలు చేస్తారో, వేటిని చేయలేరో, ఎందుకు చేయలేరో 30 రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
సెషన్స్ కోర్టుల్లో హత్య కేసులు నడిపే న్యాయవాదులు